దొరవారి లంగా, మా సత్తెక్క

నేను చేత్తో రాసి ఇచ్చినవి ఏడు కాగితాలు. మురళీధర్ టైపు చేసి తెచ్చినవి నాలుగు. నా అక్షరాలు పెద్దవి, ఒప్పుకుంటాను. కళ్లజోడు మార్చాల్సిన సమయం దాటి ఏడాదైంది. అయినా ఏడు నాలుగయ్యేంత పెద్దవి కావు. ఐర్లండ్‌లో మేముండే ఈ ములింగార్ ఊరి లైబ్రరీలో, పిల్లల పుస్తకాల పక్కనున్న కిటికీ దగ్గర కూర్చుని, బయట తుంపర పడుతుంటే, ఒక్కో పేజీ వేలు పెట్టి చదివాను. అమెరికా అంతర్యుద్ధం ఎలా వచ్చిందో మొత్తం ఉంది. దేశానికి అడ్డంగా గీత గీసుకోవడం ఉంది, పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలన్న చట్టం ఉంది, చివరికి రాష్ట్రాలు విడిపోయి మొదటి ఫిరంగి పేలడం ఉంది. మా సత్తెక్క లేదు.

"సత్తెమ్మ ఏది బాబూ?" అని అడిగాను.

మురళీధర్ మంచివాడు. ఇక్కడి మందుల ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగం. మా తెలుగువాళ్లకు ఏ పండగ వచ్చినా హాలు మాట్లాడేదీ, కుర్చీలు సర్దేదీ అతనే. ఇబ్బందిగా నవ్వాడు. "ఆంటీ, ఫీలవకండి. అమెరికా పార్ట్ సూపర్. స్లైడ్స్ కూడా నేనే చేస్తాను. ఆ ఊరి సంగతి ఒక్కటే తీసేశాను. ఐరిష్ వాళ్లు వస్తారు, మన పిల్లలు వస్తారు. రేపు స్కూల్లో ఎవడో అడుగుతాడు, మీ దేశంలో కూడా స్లేవ్స్ ఉండేవాళ్లంట కదా అని. మనకెందుకు చెప్పండి?"

"ఉండేవాళ్లు కదా."

"అది వేరు ఆంటీ. వెట్టి అంటే అదొక సిస్టమ్. ఇంట్లో మనుషుల్లాగే ఉండేవాళ్లు. మా తాతగారింట్లో పనిచేసే ఆవిడను మేం పెద్దమ్మా అనే పిలిచేవాళ్లం. అయినా అమెరికాలో కూడా అసలు గొడవ బానిసత్వం కాదంటండీ, రాష్ట్రాల హక్కులంట. వీడియోలో ఒకాయన చెప్పాడు."

"దేనికి హక్కు?"

"అంటే?"

"హక్కు అంటే ఏం చేసుకోవడానికి హక్కో కూడా చెప్పాలి కదా. విడిపోయేటప్పుడు వాళ్లు కాగితాలు రాసుకున్నారు బాబూ, ఎందుకు విడిపోతున్నామో. వాళ్ల చేత్తోనే రాసుకున్నారు, మా బానిసలు మాకు కావాలని. పారిపోయి వచ్చినవాళ్లను మేం పట్టివ్వం అని పక్క రాష్ట్రం అంటే మాత్రం, ఆ రాష్ట్రానికి ఆ హక్కు లేదన్నారు. ఆ పుస్తకం ఇక్కడే ఉంది, మూడో అరలో. తెచ్చి ఇవ్వనా?"

వద్దన్నాడు. మీటింగుంది, వెళ్లాలన్నాడు. వెళ్తూ వెళ్తూ, "ఆలోచించండి ఆంటీ, ప్లీజ్" అన్నాడు. ఆలోచించడానికి నాకు వారం రోజులుంది. ఈ లైబ్రరీలో నెలకొకసారి ఒక పాఠకుడు తనకు నచ్చిన పుస్తకం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడతాడు. పోయిన నెల ఒక ముసలాయన తేనెటీగల గురించి మాట్లాడాడు. ఈసారి లైబ్రేరియన్ ఊనా నన్నడిగింది. పన్నెండేళ్లుగా ఈ ఊరి నర్సింగ్ హోమ్ లాండ్రీలో పనిచేస్తూ, వారానికి రెండు పుస్తకాలు తీసుకుపోయే దాన్ని నేనొక్కదాన్నేనట. మా ఆయన మందుల ఫ్యాక్టరీలో మెషిన్లు బిగించే పనికి ఈ దేశం వస్తే వెనకాల వచ్చాను. బడి ఐదో తరగతితో ఆగింది. ఆ తరవాతి చదువంతా లైబ్రరీల్లోదే, రెండు దేశాల లైబ్రరీల్లోది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, బోలెడు గర్వం ఉంది.

లాండ్రీలో చేరిన మొదటి రోజు మేనేజరు నాకొక చిన్న మిషన్ చూపించింది. నర్సింగ్ హోమ్‌లో ఉండే ముసలివాళ్ల బట్టలు ఒకరివి ఒకరికి పోకుండా కాలర్ లోపల పేరు చీటీ వేడితో అతికించే మిషన్. ఎలా వాడాలో నెమ్మదిగా, చెవిటిదానికి చెప్పినట్టు చెబుతోంది. నాకు నవ్వాగలేదు. ఆ పని నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మా అవ్వ, అంటే మా అమ్మ, ఆ పనికి మిషన్ లేకుండా నల్లజీడి గింజ వాడేది. గింజను సూదితో పొడిచి, ఊరిన నల్లటి రసంతో బట్ట అంచు మీద చుక్కలూ గీతలూ పెట్టి, పైన ఇంత సున్నం అద్దేది. ఇక ఆ గుర్తు బట్ట చిరిగేదాకా పోదు. జీడి రసం తగిలి అవ్వ వేళ్ల కొసలు ఎప్పుడూ పొక్కి, నల్లగా ఉండేవి. కరీంనగర్ పక్క మా ఊళ్లో ఇంటికో గుర్తు. పట్వారి ఇంటికి అడ్డగీత మీద నిలువు గీత. కోమటి ఇంటికి రెండు చుక్కలు. దొరవారి గడికి, అంటే కోటలాంటి ఆయన ఇంటికి, మూడు చుక్కలు, కింద గీత. అ ఆలు రాకముందే నేను ఊరంతా చదవగలిగేదాన్ని. సాయంత్రం ఆరిన బట్టల గుట్ట ముందు నన్నూ సత్తెక్కనూ కూర్చోబెడితే, అంచులు తిప్పి చూసి మూటలు విడదీసేవాళ్లం. ఒక్క తప్పు చేస్తే అవ్వ మెడ మీద ఒక్కటిచ్చేది. ఊళ్లో అందరి బట్టలకూ గుర్తులుండేవి, మా బట్టలకు తప్ప. మా బట్టలు ఎవరికి పోతాయి గనక?

ఇల్లంతా ఒకటే వాసన. మురికి వదిలించే సౌడు మట్టిలో నానిన బట్టలు పెద్ద బానలో ఆవిరికి ఉడుకుతున్న వాసన, కింద తుమ్మ కట్టెల పొగ, మూలన గాడిదల వాసన. ఒకే వాకిట్లో రెండు పొయ్యిలు. ఒకటి మా పెద్దబాపుది, ఒకటి మాది. పెద్దబాపు మా బాపుకు, అంటే మా నాయనకు, అన్న. ఆయన బిడ్డ సత్తెమ్మ నాకంటే రెండేళ్లు పెద్దది. మా పెద్దవ్వకు అంబలి మిగిలితే మా గిన్నెలోకి వచ్చేది, మా ఉప్పు అయిపోతే వాళ్ల చిప్పలోంచి వచ్చేది. అవ్వకు పెద్దబాపు బావ వరస. ఆయన వాకిట్లోకి వస్తే అవ్వ తలుపు చాటుకు పోయి, కొంగు తల మీదికి లాక్కుని నిలబడేది. ఆయనతో ఏదైనా చెప్పాలంటే నాకు చెప్పేది, అదీ ఆయన ఎదురుగానే. "మీ పెద్దబాపుకు చెప్పు, గాడిద కుంటుతుందని." ఆయన విన్నా విననట్టు నా వైపు చూసేవాడు. నేను మళ్లీ చెప్పాలి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నేనే వాళ్లిద్దరి మధ్య టపా.

ఊళ్లో అన్ని ఇళ్లూ కోతలప్పుడు మాకు గింజలిచ్చేవి. గడి ఇచ్చేది కాదు. గడికి ఉతకడం వెట్టి. ఉతకడమే కాదు, చుట్టాలొస్తే పక్కలు పరవడం, పెళ్లిళ్లలో గిన్నెలు తోమడం, దివిటీ పట్టడం, పురిటి బట్టలు, పీనుగ బట్టలు, పిలిచినప్పుడు పోవడం, పొమ్మన్నప్పుడు రావడం. ఇంట్లో ఎవరు చచ్చినా గడి మూట ఆగకూడదు. మా బాపు ఒక ఎండాకాలం జగిత్యాలలో చుట్టాలింటికి పోయి, అక్కడ ఉతికిన బట్టకు లెక్కకట్టి పైసలు తీసుకునే దుకాణం చూసి వచ్చాడు. తిరిగొచ్చిన రోజు నుంచీ ఆయన మనిషి మారిపోయాడు. "ఉతికితే అందరికీ ఒకే తీరు ఉతుకుత. గడికైనా, గుడిసెకైనా" అన్నాడు. పెద్దబాపు వణికిపోయాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఈ మాట నేను ఎప్పుడూ చెబుతాను. చిన్నప్పుడు తన తండ్రిని గడి ముందు ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టడం ఆయన కళ్లతో చూశాడు. మా బాపు అప్పటికి పుట్టలేదు. చూసినవాడికీ చూడనివాడికీ మధ్య వచ్చిన తగాదా అది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు ఆ పుస్తకం దొరికింది. ఊళ్లో రెండు గదుల గ్రంథాలయం ఒకటుండేది. దాన్ని చూసుకునే సారు ఇంటి బట్టలు మేమే ఉతికేవాళ్లం. సారు గుర్తు ఒక సున్న. మూట ఇచ్చి, మాసిన బట్టల మూట కట్టే లోపల నాకొక గంట దొరికేది. "చేతులు ఆరినయా?" అని అడిగేవాడు సారు. రెండు అరచేతులూ తిప్పి చూపిస్తేనే పుస్తకం ముట్టనిచ్చేవాడు. మగపిల్లలు బెంచీ మీద కూర్చునేవాళ్లు, నేను కిటికీ దగ్గర నిలబడి చదివేదాన్ని. ఇప్పటికీ ములింగార్ లైబ్రరీలో పుస్తకం తీసే ముందు చేతులు కోటుకు తుడుచుకుంటాను. ఊనా ఒకసారి చూసి, "లక్ష్మీ, చేతులు శుభ్రంగానే ఉన్నాయిగా, యు ఆర్ గ్రాండ్" అంది. శుభ్రం కోసం కాదని ఆమెకు ఏం చెప్పను?

ఆ పుస్తకానికి అట్ట లేదు. మొదటి పేజీలు లేవు, చివరి పేజీలు లేవు. రాసిందెవరో ఈ రోజు దాకా తెలియదు. అమెరికా అనే దేశంలో సగం రాష్ట్రాలు మనుషులను కొని పని చేయించుకునేవని, సగం చేయించుకునేవి కావని, ఇద్దరూ ఒకే జెండా కింద ఉన్నారని అందులో ఉంది. పోట్లాడుకోకుండా ఉండడానికి దేశానికి అడ్డంగా గీత గీసుకున్నారట. గీతకు పైన బానిసలు ఉండకూడదు, కింద ఉండొచ్చు. నేను చదివింది చదివినట్టు వాగు దగ్గర బాపుకు చెప్పేదాన్ని. బాపు బండ మీద బట్ట బాదుతూ వినేవాడు. బాదుడు ఆపకుండానే అడిగేవాడు.

"మరి గీత గీసినంక సల్లబడ్డరా?"

"లే బాపూ. పడమటి దిక్కు కొత్త జాగ దొరికినప్పుడల్లా మల్ల మొదలు. గీ జాగ ఎవరి లెక్కన నడవాలె అని."

"గంతే ఉంటది. గీత ఇసుకల గీస్తిమి, నీళ్లు ఆగుతయా?"

ఆయన మాకు జరుగుతున్నది చెబుతున్నాడని నాకు అర్థమయ్యేసరికి కొన్నాళ్లు పట్టింది. మా ఇంట్లోనూ రాజీలు నడుస్తున్నాయి. మొదట కులపెద్దలు కూర్చుని వాగు బండలు పంచారు. ఎత్తుబండకు ఎగువన బాపు ఉతుక్కోవాలి, అక్కడ గడి బట్ట పడకూడదు. దిగువన పెద్దబాపు, గడి మూట ఆయనది. నాలుగు గాడిదల్లో రెండు వాళ్లకు, రెండు మాకు. అందులో ఒకటి తన జత వదిలి ఉండలేక రోజూ ఎగువ నుంచి దిగువకు పోయి నిలబడేది. దాన్ని తోలుకు రావడానికి నేను పోతే పెద్దవ్వ నా నోట్లో ఇంత బెల్లం పెట్టి పంపేది. మరి కొన్నాళ్లకు దొర తమ్ముడు ఊరి చివర కొత్త బంగళా కట్టాడు. అక్కడ ఎవరు ఉతకాలి? పైసలకా, వెట్టికా? కొత్త జాగ! నేను పుస్తకంలో చదివిన పేజీ లేచి మా ఊరికి వచ్చినట్టయింది. బాపు ముందే పోయి బట్టకింత అని మాట్లాడుకున్నాడు. పెద్దబాపు మనుషులు పోయి, గడి వంశమంతా మా వెట్టిదే అన్నారు. బంగళా గేటు ముందు ఒకే మూట కోసం రెండు వైపుల నుంచీ లాగి, దుప్పట్లు చిరిగి, మొదటిసారి మా కులంలో మావాళ్ల మీద మావాళ్లు కట్టె ఎత్తారు.

ఇంత జరుగుతున్నా అవ్వ ఎటూ చేరలేదు. "మొగోళ్ల పంచాయితీ. మనకేందే" అనేది. పెద్దవ్వకు ఉప్పు అందిస్తూనే ఉంది. పెద్దబాపు వస్తే తలుపు చాటుకు పోతూనే ఉంది. ఎటూ చేరకపోవడం ఆమెకొక ఇల్లులా ఉండేది, అందులో వెచ్చగా కూర్చుంది. పుస్తకంలోనూ అలాంటివాళ్లు కోకొల్లలు. బానిసత్వం మంచిది కాదంటూనే, అది మా ఊళ్లో లేదు కదా, మాకెందుకని తమ పొలం తాము దున్నుకునేవాళ్లు.

సత్తెక్కను అప్పటికే గడిలో ఊడ్చే పనికి పెట్టారు. పద్నాలుగేళ్లుంటాయేమో. గడిలోనే తిండి, గడి ఇచ్చిన లంగా. పదిహేను రోజులకొకసారి ఇంటికొచ్చేది. ఆ ఏడు దొర బిడ్డ పెళ్లి కుదిరింది, ఎక్కడో రెండు రోజుల ప్రయాణమంత దూరం. పెళ్లికూతురి వెంట మంచాలూ, బిందెలూ, గేదెలూ పంపుతున్నారు. వాటితో పాటు సత్తెక్కను కూడా పంపుతారని గడిలో అనుకున్నారు. పనికి పోయి వచ్చే పంపడం కాదు. పంపితే ఇక అక్కడే, ఆమె చచ్చేదాకా. పెద్దబాపును పిలిచి చెప్పారు. ఆయన సరేనన్నాడు. కాదనే నోరు ఆయన దగ్గర లేదు.

పెళ్లికి నాలుగు రోజులుందనగా, మిట్టమధ్యాహ్నం, గాడిదల కొట్టం వెనక నుంచి సత్తెక్క మా ఇంట్లోకి వచ్చింది. వాళ్లింట్లోకి కాదు, మా ఇంట్లోకి. మోకాళ్ల దాకా బురద. వాగులోంచి నడిచి వచ్చినట్టుంది. ఉడుకుతున్న బాన వెనక, గోడకూ బానకూ మధ్య ఇరుక్కుని కూర్చుంది. బాపు వాగు దగ్గరున్నాడు. అవ్వ చాలాసేపు చూసింది. తరవాత గిన్నెలో జొన్న గట్క పెట్టి ఇచ్చింది. "లంగ ఇడువే, గంత బురద" అని తన పాత చీర ఆమెకు చుట్టి, ఆ లంగా తీసుకుపోయి ఉతికింది. ఎందుకు ఉతికావని తరవాత అడిగితే, మురికి బట్ట కనబడితే చేతులు ఊకుంటయా అంది. నిజంగా అంతే. మా ఇంట్లో ఎవరి కష్టానికైనా మొదట చేసే పని అదే. ఎండ మండిపోతోంది. కంప మీద వేసిన లంగా గంటలో ఆరింది. అవ్వ దాన్ని తీసి, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, మడతలు రుద్దింది.

చెంబు పక్కన పెడుతుండగానే పెద్దబాపు వచ్చాడు. వెనకాల గడి నౌకరు, చేతిలో పొన్నుకట్టె. అవ్వ అలవాటుగా తలుపు చాటుకు పోయింది. పెద్దబాపు నా వైపు చూడలేదు. టపా అక్కర్లేని పని అది. తలుపు వైపే తిరిగి అన్నాడు.

"మరదలా, పిల్లను బయటికి తోలు."

తలుపు పక్క నుంచి అవ్వ చేతిలోని లంగా అంచు కనబడుతోంది.

"దాస్తే దాగదు. గా లంగ మీద గుర్తు నాకు కనబడుతలేదా? మూడు చుక్కలు. పిల్ల ఈడనే ఉన్నది. మొగోళ్లం నీ ఇంట్లకు రాలేం. నువ్వే చెయ్యి పట్టి తీస్కరా. నీ పుణ్యముంటది. నా ఇల్లు కాలుతది మరదలా."

ఆ చట్టం గురించి నేను చదివిన పేజీ నాకు అప్పుడు వెలిగింది. పారిపోయినవాళ్లను పట్టివ్వాలని చట్టం వచ్చేదాకా, గీతకు పైన ఉన్నవాళ్లలో చాలామంది చూసీ చూడనట్టే ఉన్నారు. చట్టం వచ్చి, మీ వాకిట్లో దాక్కున్నదాన్ని మీరే పట్టండి, పట్టకపోతే నేరం అంది. అప్పుడు చూడనట్టు ఉండడానికి వీల్లేకపోయింది. ఒకడు మరొకడిని బానిసగా ఉంచుకుంటుంటే తల తిప్పుకోవచ్చు. నీ చేత్తో పట్టి ఇవ్వమంటే ఆ తల ఎటు తిప్పుతావు? ఒక దేశం యుద్ధంలోకి ఎలా నడిచిపోతుందో పెద్ద పెద్ద పుస్తకాలు తరవాత చాలా చదివాను. సభలో ఒకరిని కర్రతో కొట్టడం, కోర్టు తీర్పులు, ఎన్నికలు, అన్నీ నిజమే. అయినా మా అవ్వ తలుపు చాటు నుంచి కదిలిన ఆ క్షణం కంటే బాగా ఏ పుస్తకమూ నాకు అది చెప్పలేదు.

అవ్వ బయటికి వచ్చింది. కొంగు తల మీద లేదు, నడుముకు చుట్టి దోపింది. చేతిలో మడతపెట్టిన లంగా ఉంది. పెద్దబాపు కళ్లలోకి చూసి, నా ద్వారా కాదు, తానే మాట్లాడింది. ఆయనతో ఆమె నేరుగా మాట్లాడడం పుట్టిన దగ్గర నుంచీ నేను విననేలేదు.

"బావా, గిది దొరోళ్ల లంగ. ఉతికిన, మడత పెట్టిన. దీని మీద గుర్తున్నది. ఏసింది గూడ నేనే, నా యేలు కాలబెట్టుకుని ఏసిన. గుర్తున్నది దొరోళ్లది, తీస్కపో."

"మరి పిల్ల?"

"పిల్ల మీద గుర్తు నేనైతే ఎయ్యలే. ఎవడేసిండో సూపెట్టు, ఇస్త."

గడి నౌకరు కట్టె కొట్టి, "ఏందే, నోరు లేస్తుంది?" అన్నాడు. అవ్వ బాన మూత తీసింది. ఆవిరి గుప్పున లేచింది. "లోపలికి రా. సౌడు నీళ్లు ఉడుకుతున్నయి. చెంబెడు చాలు" అంది. వాడు రాలేదు. పెద్దబాపు లంగా అందుకున్నాడు. రెండు చేతులా, ప్రసాదం అందుకున్నట్టు అందుకుని, దాని వైపే చూస్తూ వెనక్కి నడిచి వెళ్లిపోయాడు.

ఆ తరవాత జరిగింది యుద్ధమే. చిన్న వాకిట్లో జరిగితే యుద్ధం కాకుండా పోదు. మరునాడు మా బాన పగిలి ఉంది. వాగు దగ్గర బాపు ముంజేయి విరిచారు, మావాళ్లే, ఉతుకుడు కట్టెతోనే. మా కులంలో సగం బాపు వైపు చేరింది. ఎవరి బట్టలు ఎవరూ ఉతకలేదు. ఊళ్లో పెళ్లికి వచ్చిన చుట్టాలు మాసిన పంచెలతో తిరిగారు. నేను రహస్యంగా సంతోషించింది అప్పుడే. చివరికి మేమే ఊరు విడిచాం, రెండు గాడిదలు, సత్తెక్క, విరిగిన చేయి. జత విడిచి ఉండలేక, వాళ్ల వాటాలోని మూడో గాడిద మా వెనకాలే వచ్చింది, దాన్ని ఎవరూ ఆపలేకపోయారు. జగిత్యాలలో అద్దె గదిలో దుకాణం పెట్టాం. చాలా ఏళ్లకు పెద్దబాపు ఒకసారి వచ్చాడు, వీధిలో నిలబడి. సత్తెక్క మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అవ్వ ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. తలుపు చాటుకు పోలేదు. ఆ రోజు తరవాత ఆమె ఎవరి ముందూ, ఏ తలుపు చాటుకూ పోలేదు.

పెద్దవ్వ పెట్టే బెల్లం మాత్రం నాకు మళ్లీ దొరకలేదు. గెలిచినా అలాంటివి పోతాయి. ఊనాతో ఒకసారి అంటే, ఆమె పుస్తకాలు సర్దుతూ, ఈ దేశంలో సొంతవాళ్లు సొంతవాళ్లతో యుద్ధం చేసుకున్నప్పుడు తమ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు చెరో వైపు నిలబడ్డారని, చచ్చేదాకా చర్చిలో ఒకే బల్ల మీద కూర్చోలేదని చెప్పింది. "ఆ సంగతి మా అమ్మ నాకు చెప్పలేదు. లైబ్రరీలో వెతికి తెలుసుకున్నాను" అంది.

మా ఊరిదీ వాళ్లదీ ఒకటేనని నేను చెప్పను. మమ్మల్ని సంతలో నిలబెట్టి అమ్మలేదు, సముద్రాలు దాటించలేదు. ఎంత తేడా ఉందో చదివినదాన్ని గనక నాకే బాగా తెలుసు. కానీ ఇంట్లో మనిషిలా చూశారు అన్న మాట అక్కడి యజమానులు కూడా అన్నారు, అక్షరం పొల్లుపోకుండా అన్నారు. ఇంట్లో మనిషైతే పెళ్లిలో బిందెల పక్కన లెక్కపెట్టరు. ఈ రోజు నేను బట్టలే ఉతుకుతున్నాను, కాదనను. అయితే నాకు సెలవుంది, జీతం చీటీ ఉంది, ఇష్టం లేకపోతే మానేసే తలుపుంది. నా వెనక నా బిడ్డను ఎవరూ పంపమని అడగరు. పని ఒకటే, అప్పటికీ ఇప్పటికీ మధ్యలో ఉన్నది మా అవ్వ తలుపు చాటు నుంచి బయటికొచ్చిన ఒక మధ్యాహ్నం. దాన్నే తీసేయమంటున్నాడు మురళీధర్. ఎంతో మర్యాదగా, ఆంటీ అంటూ, సత్తెక్కను బయటికి తోలమంటున్నాడు.

ఆదివారం సత్తెక్కకు ఫోన్ చేశాను. జగిత్యాలలో ఇప్పుడామెకు డ్రైక్లీనింగ్ దుకాణం, ఇద్దరు మనవళ్లు. వీడియోలో నెత్తి మాత్రమే కనబడేటట్టు ఫోన్ పట్టుకుంటుంది. విషయం చెప్పాను.

"గాయన మంచోడేనా?" అని అడిగింది.

"మంచోడే అక్కా."

"మంచోళ్లే అంటరే గట్ల. మా బాపు గూడ మంచోడే." ఫోన్ మొహానికి తిప్పుకుంది. "నా పేరు జెప్పు. ఊకె 'ఒక పిల్ల' అని తప్పించుకోకు. మూడు చుక్కలు, కింద గీత, అది గూడ జెప్పు. గా దేశపోళ్లకు బోర్డు మీద గీసి సూపెట్టు. ఇంగ్లీషుల చిన్నమ్మను ఏమంటరు?"

"ఆంటీ."

"నా చిన్నమ్మను గూడ ఊకె 'ఒక ఆంటీ' అని జెప్పకు, మా అవ్వ అనే జెప్పు."

మాట్లాడే రోజు లైబ్రరీలో కుర్చీలు చాలక పిల్లలను నేల మీద కూర్చోబెట్టారు. మురళీధర్ కుటుంబంతో వచ్చాడు. నేను లేవబోతుంటే ఆ నాలుగు కాగితాలు మళ్లీ చేతిలో పెట్టాడు. "మీ ఇష్టం ఆంటీ. ఇది సేఫ్" అన్నాడు. నేను వాటిని నాలుగు మడతలు పెట్టాను, అంచుకు అంచు కలిపి, వేలితో రుద్ది. అతనికే తిరిగి ఇచ్చాను. "ఇవి నువ్వు టైపు చేసినవి బాబూ. నీవి నువ్వు తీసుకో. నావి నా దగ్గరున్నాయి" అన్నాను. చేతులు కోటుకు తుడుచుకుని, వెళ్లి బోర్డు మీద మూడు చుక్కలు పెట్టి కింద గీత గీశాను. నాకొచ్చిన ఇంగ్లీషులో మా అక్క పేరు సత్తెమ్మ అని మొదలుపెట్టాను. అమెరికా గీత, మా వాగు గీత, కొత్త జాగ, కొత్త బంగళా. తెలుగువాళ్లలో ఒకరిద్దరు ఫోన్లు చూసుకున్నారు, ఒకావిడ లేచి బయటికి పోయింది. నేను ఆగలేదు. పెద్దబాపు వాకిట్లో నిలబడి పిల్లను బయటికి తోలు అన్న దగ్గర నీళ్ల గ్లాసు అందుకున్నాను.

ముందు వరసలో నేల మీద మురళీధర్ కూతురు కూర్చుంది. పదేళ్లుంటాయి. తెలుగు అర్థమవుతుంది, నోరు విప్పితే అచ్చం ఈ ఊరి పిల్లే. నేను నీళ్లు తాగేదాకా ఆగలేకపోయింది. చెయ్యి ఎత్తి, ఎత్తిన చెయ్యి దించకుండానే అడిగేసింది, "అండ్ డిడ్ షీ? డిడ్ యువర్ మమ్ గివ్ హర్ బ్యాక్?"

గ్లాసు బల్ల మీద పెట్టాను. అంతసేపూ ఇంగ్లీషులో మాట్లాడినదాన్ని, ఆ ఒక్కదానికి మాత్రం మా అవ్వ భాషలోనే జవాబు చెప్పాను.

"ఇయ్యలే, తల్లీ."